ఎదురు కుర్చీ

ఆవిడ ఈ ఉద్యోగంలో చేరింది పిల్లల మీద ప్రేమకొద్దీ అని స్కూల్లో అందరూ అనుకుంటారు. అలా అనుకోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు కాబట్టి ఆవిడా ఎవరినీ దిద్దలేదు. అసలు సంగతి వేరు. కన్నపిల్లలిద్దరూ పెద్దవాళ్లై ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకోవడం మొదలుపెట్టాక, ఇంట్లో మాట్లాడటానికి మనిషి కరువైంది. ఆయన ఉన్నాడనుకోండి. కానీ ఆయన వినడం మానేసి చాలాకాలమైంది. మధ్యమధ్య "ఊఁ" అనే శబ్దం మాత్రం క్రమం తప్పకుండా వస్తుంటుంది, కుళాయి కారినట్టు. బస్సుల షెడ్డు వెనకున్న స్కూల్లో, చదువు అంత తేలిగ్గా ఎక్కని పిల్లల పక్కన కూర్చుని సాయం చేసే మనిషి కావాలని తెలిసి, వెళ్లి "డిగ్రీ ఉండాలాండీ?" అని అడిగింది.

"ఓపిక ఉండాలమ్మా," అన్నారు పెద్ద సారు.

డిగ్రీ ఉంది. ఓపిక సంగతి చేరాక చూసుకోవచ్చులే అనుకుంది.

పిల్లలు ఆవిణ్ణి పిన్ని అన్నారు. వాళ్లను చూసి టీచర్లూ పిన్నిగారన్నారు. పెద్ద సారు కూడా ఒకసారి హడావిడిలో "పిన్నీ!" అని కేకేసి, తన వయసు గుర్తొచ్చి, దగ్గుతో దాన్ని కప్పేసుకున్నారు.

ఆ స్కూలు పిల్లల అమ్మానాన్నల్లో ఎక్కువమంది తెల్లారకముందే పనికి వెళ్లిపోయేవాళ్లు. గిడ్డంగుల్లో బరువులు దించేవాళ్లు, బస్సులు కడిగేవాళ్లు, హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడేవాళ్లు. అందుకని గేటు పెందలాడే తెరిచి, ముందు రొట్టె, పాలు ఇస్తారు. పాలు కడుపులో పడితేగానీ కొంతమంది పిల్లల బుర్ర స్కూలుకి చేరదు. పిన్నికి ఇచ్చిన గది ఒకప్పుడు విరిగిన కుర్చీల కొట్టు. కుర్చీలన్నీ బయటపడేసి, వాటిలోంచే రెండింటికి మేకులు కొట్టి, మధ్యలో ఒక బల్ల వేసి, "ఇదిగో మీ రాజ్యం," అన్నాడు అటెండరు. పిన్ని బల్లకి ఒకవైపు కూర్చుంది. పిల్లలు ఎదురుగా కూర్చున్నారు. చదువు చెప్పేవాళ్లు ఎదురుగా కూర్చోవాలి కదా మరి.

అలా కూర్చున్నవాళ్లలో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఉంది. దాన్ని అందరూ మామ్మ అంటారు. ముడతలు లేవన్నమాటేగానీ మాటంతా ముసలమ్మదే. "ఏంటో పిన్నీ, ఈ కాలం పిల్లలకి కుదురు లేదు," అంటూ తన క్లాసువాళ్ల గురించే నిట్టూర్చేది. ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఏ టీచరుకి ఎందుకు కోపమొచ్చిందో అన్నీ దానికే తెలుసు. తెలియనిదల్లా చదవడం. క్లాసులో పుస్తకం ముందు పెడితే నోరు మూతపడేది. అంత మాటకారి మూగబోవడం చూసి క్లాసు టీచరే భయపడి ఇటు పంపింది.

మామ్మ విషయంలో పై ఆఫీసువాళ్లు ఒక మాట అని ఉన్నారు. ఏడాది చివర ఆఫీసరమ్మ వచ్చి దానిచేత చదివించి చూస్తుంది. ముందడుగేమీ కనపడకపోతే, ఇలాంటి పిల్లల కోసమే ఊరి ఆ చివర ఉన్న స్కూలుకి మారుస్తారు. ఆ స్కూలు మంచిదే. కానీ రెండు బస్సులు మారాలి. మామ్మ వాళ్లమ్మ లాండ్రీకి బయల్దేరే వేళకి ఆ బస్సులింకా షెడ్డులో నిద్రపోతుంటాయి. దింపేవాళ్లు లేరు, తెచ్చేవాళ్లు లేరు. వాళ్ల వీధిలో ఇంకో పిల్లకి ఇలాగే జరిగితే, మార్చిన స్కూలుకి ఒక్కరోజూ వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోయింది. మామ్మ కూడా అలాగే ఉండిపోతుందని వాళ్లమ్మ భయం. ఆ భయం ఆవిడ నోటితో చెప్పక్కర్లేదు, గేటు దగ్గర పిన్నిని చూసిన ప్రతిసారీ పలకరింపులోనే ఉండేది.

అలాంటిది, కొన్ని నెలలయ్యేసరికి మామ్మ చదవసాగింది. తడబడుతూ మొదలై, వాక్యం వాక్యంగా, చివరికి పేజీ పేజీగా. పిన్ని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. స్టాఫ్ రూములో చెప్పింది, కూరగాయల దుకాణంలో చెప్పింది, ఇంట్లో చెబితే "ఊఁ" అని సమాధానం కూడా వచ్చింది. వాళ్లమ్మని పిలిపించి గుమ్మంలో నిలబెట్టి వినిపించింది. ఆవిడ తడి చేతులు బట్టలకి తుడుచుకుంటూ విని, ఆ చేతులతోనే మొహం కప్పుకుంది.

అప్పుడొచ్చింది పిన్నికి పంటిపోటు.

దవడపన్ను పీకేశారు. బుగ్గ పూరీలా పొంగింది. కొన్నాళ్లు ఎక్కువ మాట్లాడకూడదన్నాడు డాక్టరు. "ఆ డాక్టరెవరో చాలా మంచివాడిలా ఉన్నాడే," అన్నాడాయన, ఆ ఒక్కరోజూ శ్రద్ధగా విని. ముక్కుదాకా మఫ్లరు చుట్టుకుని పిన్ని స్కూలుకొచ్చి, మామ్మ ముందు పుస్తకం తెరిచింది.

"చదువమ్మా."

మామ్మ పుస్తకం వంక చూడలేదు. పిన్ని వంక చూసింది.

"పిన్నీ, ఆ గుడ్డ తియ్యి."

"తియ్యకూడదే. గాలి తగిలితే సలుపు. నువ్వు చదువు."

"నువ్వలా మూసేసుకుంటే ఎలా చదవను?"

"పుస్తకం నీ ముందుంది కదే! నా మొహంలో ఏముంది?"

"అక్కడేగా ఉండేది!" అంది మామ్మ, ఇంత చిన్న సంగతి కూడా తెలియని పెద్దవాళ్ల మీద జాలిపడుతూ.

పిన్ని మెల్లగా మఫ్లరు కిందికి లాగింది. పేజీలోని మొదటి వాక్యం మీదికి కళ్లు వెళ్లాయి. తనకు తెలియకుండానే, ఎప్పటిలాగే, పెదాలు కదిలాయి. మామ్మ ఆ పెదాల వంకే కళ్లు చిట్లించి చూస్తూ రెండు మాటలు చదివి ఆగిపోయింది.

"ఇవాళ సరిగ్గా లేదు పిన్నీ. వంకరగా వస్తోంది."

పిన్ని ఇంకో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఒకసారి, గోడవైపు తిరిగి ఒకసారి చదివించి చూసింది. ఒక్క మాట రాలేదు. ఇన్ని నెలలూ ఈ గదిలో చదివింది ఒక్కరే, అది తను. పిల్లకి ఎక్కడ ఆగిపోతుందోనన్న ఆత్రంలో, ప్రతి మాటా ముందే తన మూతి మీద సిద్ధం చేసి పెట్టింది. చంటిపిల్లకి అన్నం పెడుతూ మనం కూడా నోరు తెరుస్తామే, అలా.

ఇకపోతే, ఆవిడ మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన గొప్పదేమీ కాదు. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు కదా అనుకుంది. ఆఫీసరమ్మ వచ్చిన రోజు తను ఎదురుగా కూర్చుంటే చాలు, పిల్ల గలగలా చదివేస్తుంది, ఇక్కడే ఉండిపోతుంది. బుగ్గ వాపు తగ్గేదాకా ఆ ఆలోచన చాలా బాగుంది. వాపు తగ్గాక మాత్రం, ఆ పిల్ల పై క్లాసుకెళ్లాక తన మూతిని ఎవరిచేత పంపించాలో తోచలేదు.

బుధవారం మేడం కోసం ఆగింది. ఆవిడ ఇలాంటి పిల్లలకి చదువు చెప్పడంలోనే శిక్షణ పొందిన టీచరు. వారంలో రోజుకో స్కూలు తిరుగుతుంది. ఈ స్కూలు వంతు బుధవారం. పిన్ని జరిగిందంతా చెప్పి, తిట్లకి తల వంచుకుని నిలబడింది.

మేడం పకపకా నవ్వింది.

"అమ్మయ్య, నేనొక్కదాన్నే కాదన్నమాట! నాకు కనుబొమలండీ పిన్నిగారూ."

"కనుబొమలేంటి?"

"కొత్తలో ఒక కుర్రాడికి లెక్కలు చెప్పేదాన్ని. ఏ కూడిక ఇచ్చినా చేసేసేవాడు. ఎలాగో తెలుసా? ఒకటి, రెండు అని మొదలెట్టి, నా కనుబొమ ఎక్కడ లేస్తే అక్కడ ఆపేసేవాడు. నేను కనుబొమలు కప్పేసే పెద్ద కళ్లజోడు పెట్టాను, వాడికి లెక్కలు పోయాయి."

పిన్నికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "అంటే పిల్ల మనల్ని మోసం చేసిందంటారా?"

"మోసమా! ఒకరి పెదాల మీంచి పేజీలకు పేజీలు ఏరుకోవడం ఎంత కష్టమో మీరొకసారి చేసి చూడండి. మాట అన్నచోట పాట అంటుందని, బాట అన్నచోట మాట అంటుందని నేను రాసిపెట్టుకున్నాను కూడా. పెదాల మీద మూడూ ఒకటే. నాకూ తట్టలేదు. అంత తెలివి ఉన్న పిల్లకి, చదవడమంటే ఏంటో మనమెవరమూ చెప్పలేదు, అంతే."

మామ్మని పిలిచి అడిగితే అదే తేలింది.

"మరి చదవడమంటే అదే కదా?" అంది.

"మరి మీ టీచరు ఎవరి మొహం చూసి చదువుతుందనుకున్నావే?" అంది పిన్ని.

"పెద్దవాళ్లకి అన్నీ గుర్తుంటాయిగా."

నల్లగా కనపడే ఆ గీతలు తమంతట తామే మాట చెబుతాయని, ఎవరూ ఎదురుగా లేకపోయినా చెబుతాయని వినేసరికి మామ్మ పుస్తకాన్ని అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూసింది. "ముందే చెప్పొచ్చుగా," అంది.

ఆ రోజే పిన్ని కుర్చీ బల్ల చుట్టూ తిరిగి మామ్మ పక్కకి వచ్చింది. మేడం ఒక అట్టముక్కకి సన్నని కిటికీ కోసి ఇచ్చింది. పేజీ మీద అది పెడితే ఒక్క వరసే కనపడుతుంది, మిగతా గుంపంతా మూతపడుతుంది. పుస్తకాలు కూడా కొన్నాళ్లు పక్కన పెట్టించింది. "అది చెప్పేది మీరు రాయండి. దాని మాటల్నే దానిచేత చదివించండి. రాకపోతే ఆగండి. మీరు అందించొద్దు."

రాయడం పిన్నికి పండగే అయింది. మామ్మ కుర్చీలో వెనక్కి వాలి చెప్పేది: "మా అమ్మ దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వాటిమీద పడుకునేవాళ్లకి మా అమ్మ తెలీదు. మా అమ్మకి కూడా వాళ్లు తెలీదు. అందుకని ఎవరికీ గొడవ లేదు." తన మాటలే కాబట్టి, కిటికీలోంచి ఒక్కొక్కటే బయటికొస్తుంటే, ఇది నాదే, ఇదీ నాదే అని గుర్తుపట్టేది.

కష్టమంతా ఆగడంలో ఉంది. పిల్ల ఒక అక్షరం దగ్గర నిలబడిపోయి, లోపల్లోపల గుణించుకుంటుంటే, ఆ మాట పిన్ని నాలుక చివర దూకడానికి సిద్ధంగా ఉండేది. చివరికి నోట్లో పిప్పరమెంటు పెట్టుకుని పెదాలు బిగించి కూర్చునేది. ఇంట్లో కూడా సాధన చేసింది. సాయంత్రం టీ ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంటే, ఆయన పేపరు దించాడు.

"ఏంటి, ఒంట్లో బాగాలేదా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ నిశ్శబ్దానికి ఆయన బెదిరిపోయి, దాన్ని నింపడానికి తనే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆఫీసులో ఫ్యాను సంగతి, పక్క సీటాయన అల్లుడి సంగతి. తెలుసుకోకపోతే పోయే విషయాలేమీ కావు గానీ, ఆవిడ విన్నది. ఇంత మాట ఆ మనిషి లోపల ఎక్కడ దాగిందా అని ఆశ్చర్యపోయింది కూడా.

మామ్మ వాళ్లమ్మకి చెప్పడం ఒకటి మిగిలింది. పని దిగి వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ రోజు గుమ్మంలో విన్నది చదువు కాదని, అసలు చదువు ఇప్పుడే మొదలైందని, నెమ్మదిగా వస్తోందని.

ఆవిడ గేటు చువ్వ పట్టుకుంది.

"ఎంత నెమ్మదిగా అక్కా? ఆఫీసరమ్మ వచ్చేలోపు వచ్చేస్తుందా?"

"కొంత వస్తుంది. ఎంతంటే చెప్పలేను చెల్లీ."

"అయితే ఆ ఒక్కరోజూ మీరు ఎదురుగా కూర్చోండి." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు నేర్పండి. ఆ ఒక్కరోజు. దాన్ని ఇంట్లో తాళం వేసి పనికి పోలేను అక్కా నేను."

పిన్ని ఔననలేదు, కాదనలేదు. ఆగడం నేర్చుకున్నందుకు మొదటిసారి తనని తనే తిట్టుకుంది.

ఆఫీసరమ్మ బుధవారంనాడే వచ్చింది. పెద్ద సారు గదిలో బల్ల వేశారు. మామ్మ ఇదివరకెప్పుడూ చూడని పుస్తకం ఒకటి ఆవిడే తెచ్చింది. మేడం ఒక మూల కూర్చుంది. వాళ్లమ్మ పనిలోంచి పర్మిషన్ తీసుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గోడకి ఆనుకుంది. అటెండరు మర్యాదకొద్దీ పిన్ని కుర్చీని సరిగ్గా మామ్మకి ఎదురుగా వేశాడు.

పిన్ని ఆ కుర్చీ వంక చూసింది. వాళ్లమ్మ కూడా దాని వంకే చూస్తోంది. దాన్ని పక్కకి లాగడానికి ఒక్క చెయ్యి చాలు. ఆ చెయ్యి లేవలేదు. పిన్ని వెళ్లి ఎదురుగా కూర్చుంది. కూర్చోలేదని రాస్తే బాగుండేదిగానీ, కూర్చుంది.

మామ్మ పుస్తకం తెరిచింది. అట్టముక్క తీసి మొదటి వరస మీద పెట్టింది. తర్వాత తలెత్తి చూసింది.

"పిన్నీ, అటు తిరుగు."

పిన్ని చూపు వాళ్లమ్మ వైపు వెళ్లింది.

"తిరుగు పిన్నీ. నువ్వు కనపడుతున్నావు."

పిన్ని కుర్చీతో సహా గోడవైపు తిరిగింది. ఆఫీసరమ్మ కలం ఆపి, "ఆవిడ అలా ఎందుకు కూర్చున్నారు?" అంది.

"మా పిన్ని మొహం మీద అన్నీ ఉంటాయండీ," అంది మామ్మ. "ముందు నేను అవే చదివేదాన్ని. అది చదువు కాదంట. అందుకని ఇప్పుడు ఇవి చదువుతున్నా. ఇవి కష్టం. కొంచెం ఆగాలి మీరు."

ఉన్న సంగతంతా బయటపడింది. పిన్ని చెవులు వేడెక్కాయి. గోడ మీద పెచ్చులూడిన చోట చూపు నిలిపి వినసాగింది.

మొదటి మాట వచ్చింది. రెండోది కొంచెం ఆలస్యంగా వచ్చింది. మూడోది తప్పు వచ్చి, వెనక్కి వెళ్లి, సరిదిద్దుకుని వచ్చింది. ఒకచోట పెద్ద ఆగడం. అట్టముక్క కాగితం మీద జరిగిన చప్పుడు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు, పెద్ద సారు కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఏ మాట దగ్గర ఆగిందో పిన్నికి తెలియదు. తెలిస్తే అందించేదేమో. తెలియకపోవడం ఇంత బరువుంటుందని, ఈ పిల్ల రోజూ ఇంత బరువు మోస్తోందని అప్పుడర్థమైంది. ఆ మాట మెల్లగా, ముక్కలుముక్కలుగా వచ్చి, ఒక్కటై నిలబడింది. వరస పూర్తయింది. ఇంకో వరస పూర్తయింది. పేజీ సగంలో పుస్తకం మూసిన శబ్దం.

"ఇవాళ్టికి ఇంతేనండీ. మిగతాది కష్టంగా ఉంది. రేపు చదువుకుంటాను."

"చాలమ్మా," అంది ఆఫీసరమ్మ. ఏదో రాసుకుంది. పెద్ద సారు వైపు తిరిగి, "చదువు మొదలైంది. ఇప్పుడు బడి మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడే ఉంచండి. ఆవిడ సాయం కూడా వచ్చే ఏడాది కొనసాగించమని రాస్తున్నాను," అంది. తర్వాత, "అమ్మా, మీరిక ఇటు తిరగొచ్చు," అంది పిన్నితో.

తిరిగితే మొహం మీద ఏముందో అందరికీ కనపడుతుంది. అయినా తిరిగింది.

వరండాలో వాళ్లమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది. "మొన్న అలా అడిగానని మనసులో పెట్టుకోకండి అక్కా."

"నేనెక్కడ పెట్టుకోను? అడిగింది నువ్వైతే వెళ్లి కూర్చుంది నేను." నవ్వబోయి చేత్తో కళ్లు తుడుచుకుంది. "మనిద్దర్నీ బయటపడేసింది అది."

"మీకెలా చెప్పాలో..."

"చెప్పకు. నాకూ ఎలా చెప్పాలో తెలీట్లేదు."

మామ్మ ఇద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసింది. "మీరు మెల్లగా ఏడ్చుకోండి. నాకు లెక్కల క్లాసుంది," అని గబగబా నడిచి వెళ్లిపోయింది.

బుధవారం మేడం అప్పటికే గేటు దాటేసింది. పిన్ని చెప్పులు టపటపలాడించుకుంటూ బస్సుస్టాపు దాకా పరిగెత్తింది. ఈ వయసులో ఈ పరుగేంటా అని దారిలో ఒకరిద్దరు ఆగి చూశారు. మేడం ఒక పెద్ద సంచీ పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఏంటి పిన్నిగారూ, ఏదైనా మర్చిపోయానా?"

"మీరు కాదు, నేను." పిన్ని రొప్పు ఆపుకుంది. "ఆ రోజు మీరు నవ్వారు చూడండి. తిట్టి ఉంటే నేను మానేసి ఇంట్లో కూర్చునేదాన్ని. ఆ నవ్వుకి థాంక్సండీ. ఎప్పుడో చెప్పాల్సింది."

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. పిన్ని తొందరపెట్టకుండా ఆగింది.

"నా గురువారం స్కూల్లో మీలాంటావిడే ఒకావిడ ఉంది," అంది మేడం చివరికి. "పిల్లాడు బొమ్మ గియ్యకముందే చెయ్యి పట్టుకుని గీయించేస్తుంది. నేను చెబితే చిన్నబుచ్చుకుంటుంది. మీరొచ్చి మీ సంగతి చెబితే నవ్వుకుంటుందేమో. వస్తారా?"

"నా పరువు ఇంకో స్కూల్లో కూడా తీసుకోమంటారు."

"అంతే."

"వస్తాను," అంది పిన్ని వెంటనే.

బస్సు వచ్చింది. సంచీ ఎత్తబోయి, నడుం పట్టుకుని ఆగింది మేడం. పిన్ని ఒక చెవి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎత్తినా అది నేల వదలనంది.

"ఏముందండీ ఇందులో, రాళ్లా?"

"రాళ్లే," అంది మేడం. "కూడికలకి."

పిన్ని రెండో చెయ్యి కూడా వేసి, బలమంతా పెట్టి, ఆ రాళ్ల సంచీని మెట్టు మీదికి ఎక్కించింది.